దీర్ఘ నిశ్శబ్దానికి కొంచెం సబ్బు

తొలి ప్రదర్శన రోజు పొద్దున ఎన్సియో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఏలకుల బన్ను ఒకటి తినాలి, సాయంత్రం దాకా దేన్నీ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చోవాలి. తన చేతుల సంగతి ఆయనకు బాగా తెలుసు. కిందటేడు కారుతున్న కుళాయి బాగు చేస్తానని దిగి, కింది వాటా వాళ్ళ పియానోని నిలువునా తడిపిన చేతులవి.

"ఇవాళ ఏదీ ముట్టుకోనని ఒట్టెయ్," అంది భార్య సిర్క కాఫీ పోస్తూ.

"ఒట్టు. అయినా ముట్టుకోడానికి ఏముందీ? అంతా సిద్ధంగా ఉంది. కవి పెట్టిన కామా కూడా నేను కదపలేదు."

"అదే నా భయం," అంది సిర్క.

ఎన్సియో, తమ్మిలహ్తి అనే ఊరి హైస్కూల్లో సాహిత్యం చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన ఆడించడానికి పట్టుకున్నది ఫిన్లాండ్‌లో ప్రతి పిల్లవాడూ బడిలో చదివి, సెలవులివ్వగానే మరిచిపోయే పాత విషాద నాటకం. రెండో అంకంలో తమ్ముడు పెట్టిన విషంతో జమీందారు చస్తాడు. మూడో అంకంలో ఆ తమ్ముడు చస్తాడు. నాలుగోదాంట్లో కొడుకు. అయిదో అంకంలో చావడానికి ఎవరూ మిగలక జమీందారు భార్య ఒక్కతే నిలబడి ఏడుస్తుంది. దీన్ని రంగం మీద చూసినవాడు లేడు. ఎన్సియోతో కలిసి చదువుకుని, ఇప్పుడు హెల్సింకీలో ప్రొఫెసరుగా వెలిగిపోతున్న యోర్మ, ఈ నాటకానికి రాసిన ముందుమాటలో ఒకే వాక్యంతో తేల్చేశాడు: ఇది చదువుకోవలసిన నాటకమే తప్ప ఆడదగినది కాదని. ఆ వాక్యాన్ని ఎన్సియో తన ఇంటి ఆడపడుచును అన్నంత పట్టింపుగా తీసుకున్నాడు.

ఊళ్ళో వేసవి నాటకశాల ఒకటుంది. సరస్సు ఒడ్డున, ఆరుబయట. అక్కడ ఏటా సత్రం యజమానులు ఒకరి భార్యల కోసం ఒకరు మంచాల కింద దాక్కునే ప్రహసనాలే ఆడతారు. ఎన్సియో ఏళ్ళ తరబడి చెవిలో జోరీగలా వెంటపడితే, కమిటీ వాళ్ళు విసిగిపోయి ఈ ఒక్క వేసవి ఇచ్చారు. ఇది పడిపోతే మళ్ళీ మంచాలే. పైగా యోర్మ స్వయంగా వస్తున్నాడు, మొదటి వరుసలో కూర్చుంటాడు. వాడి ఎదురుగా నాటకం చచ్చిందంటే ఆ ముందుమాట శిలాశాసనమే.

అందుకని ఎన్సియో ఒక నియమం పెట్టుకున్నాడు. ఒక్క మాట తీయకూడదు, ఒక్క మాట కలపకూడదు. జమీందారు వేషం కట్టిన తొయివోకి ఊళ్ళో మాంసం దుకాణం ఉంది. చిన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే.

"మాస్టారూ, ఈ మాట రెండు పేజీలుంది. మధ్యలో ఊపిరి ఎక్కడ పీల్చుకోమంటారు?" అని రిహార్సల్లో అడిగాడు.

"కవి ఎక్కడా ఊపిరి రాయలేదు," అన్నాడు ఎన్సియో.

ఇంతకీ ఆ నాటకశాలలో రంగస్థలం కదలదు, జనం కదులుతారు. మధ్యలో గుండ్రటి గ్యాలరీ, దాని కింద గుండ్రంగా ఇనప పట్టా, చుట్టూతా రంగాలు. ఒకచోట హాలు, ఒకచోట పడకగది, ఒకచోట సరస్సు ఒడ్డు. అంకం మారినప్పుడల్లా మోటారు నొక్కితే మూడు వందల మందితో సహా గ్యాలరీ తిరిగి తరవాతి రంగం ముందు ఆగుతుంది. వెనకవైపున్న ఖాళీ జాగాలో నటులు బట్టలు మార్చుకుంటారు. అటు గ్యాలరీ ఎప్పుడూ తిరగదు.

రెండో బన్ను కొరుకుతుండగా ఎన్సియోకి ఆ పట్టా గుర్తొచ్చింది. నాటకం చివర, భార్య ఏడుపు అయ్యాక, కవి ఒక్క ముక్క రాశాడు: దీర్ఘ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గ్యాలరీ మెల్లగా ఒడ్డు రంగం దాటి తిరిగి ఖాళీ సరస్సును చూపించాలని ఎన్సియో కల. కానీ నిన్న రిహార్సల్లో తిరిగేటప్పుడు గ్యాలరీ ఎంత కీచుమందంటే, "మా దుకాణానికొచ్చే పందులు కూడా ఇంత గోల చెయ్యవు," అన్నాడు తొయివో.

యోర్మ ముందు ఆ కీచు! ఎన్సియో బన్ను పక్కన పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే ఆయన చూపు గిన్నెల తొట్టి కింద సిర్క దాచుకునే డబ్బా మీద పడింది. పైన్ నూనెతో చేసిన ముద్ద సబ్బు. తివాచీలు, నేల, ఆవిరి గది బల్లలు అన్నీ ఆవిడ దాంతోనే కడుగుతుంది.

"ఆ డబ్బా ఎక్కడికి?" అంది సిర్క.

"ముట్టుకోవడం కాదులే. కాస్త పూయడం."

మధ్యాహ్నమంతా మోకాళ్ళ మీద పాకుతూ పట్టా పొడుగునా సబ్బు పట్టించాడు. మోటారు చూసే వెయిక్కో ఒకసారి తిప్పి చూసి మురిసిపోయాడు.

"అబ్బ, వెన్నలో చాకులా పోతోంది మాస్టారూ! చప్పుడే లేదు!"

చప్పుడు చేసేదీ, బండిని ఆపేదీ ఒకే రాపిడి అన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఎన్సియో చదువుకున్నది సాహిత్యం కదా.

సాయంత్రం మొదటి మూడు అంకాలూ దివ్యంగా నడిచాయి. గ్యాలరీ తామరాకు మీద నీటిబొట్టులా తిరిగింది. తొయివో ఊపిరి తీయకుండా రెండు పేజీలూ చెప్పి, నిజంగానే చచ్చేవాడిలా పడ్డాడు. యోర్మ ముందుకు వంగి చూస్తున్నాడు. ఎన్సియో మోటారు పెట్టె పక్కన నిలబడి, వాడు ముందుమాట చించేసుకునే దృశ్యాన్ని ఊహించుకుంటున్నాడు.

విరామంలో వాన మొదలైంది. తమ్మిలహ్తి జనం వానకు లేచిపోయే రకం కాదు. అందరూ ప్లాస్టిక్ కోట్లు తగిలించుకుని కూర్చున్నారు. కానీ పట్టా మీది సబ్బుకు ఆ నిబ్బరం లేదు. అది నురగ కట్టింది.

నాలుగో అంకానికి గ్యాలరీ తిరిగింది. కొడుకు చావవలసిన పడకగది వచ్చింది. వెళ్ళిపోయింది కూడా.

"ఆపు!" అన్నాడు ఎన్సియో.

"ఆపాను!" అన్నాడు వెయిక్కో.

గ్యాలరీ తీరిగ్గా జారుకుంటూ వెళ్ళి, ఎన్నడూ చూడని వెనక జాగా ముందు నిలిచింది. అక్కడ చచ్చిన జమీందారు లోబనీనుతో బీరు పెట్టె ఎక్కి కూర్చుని, ఒక చేత కాఫీ కప్పు, ఒక చేత సాసేజీ పట్టుకుని తింటున్నాడు. ఆయన్ని చంపి, తానూ చచ్చిన తమ్ముడు ఆయనకు గొడుగు పట్టాడు. ఇద్దరి మధ్యా ఆవాల ముద్ద సీసా ఒకటే.

మూడు వందల మంది తమను చూస్తున్నారని తొయివోకి అర్థమైంది. ఏదో ఒకటి అనాలి. కవి రాయని మాట అంటే మాస్టారు ప్రాణం తీస్తాడు. గుర్తున్న మాట, రెండో అంకంలో తను చచ్చేముందు అన్నది, ఒక్కటే. లేచి నిలబడి, చేతిలో సాసేజీ పైకెత్తి గర్జించాడు:

"ఎవరు? ఎవరు కలిపారు ఇందులో విషం?"

అది ఊళ్ళో సగం మంది శనివారం తొయివో దుకాణంలో కొనుక్కునే సాసేజీ. గ్యాలరీ గొల్లుమంది.

వెయిక్కో కంగారుపడి మోటారు వెనక్కి తిప్పాడు. గ్యాలరీ పడకగదిని దాటి అటు పోయింది. మళ్ళీ ఇటు. కొడుకు వేషగాడు పాపం బుద్ధిమంతుడు, ఒక్క మాట తీయొద్దన్నారు కాబట్టి, గ్యాలరీ వెంట పరుగెత్తుతూ చనిపోవడం మొదలుపెట్టాడు. నాలుగు పద్యాలు చెప్పి పడ్డాడు, జనం ముందుకు జారిపోగానే లేచి పరుగెత్తి మళ్ళీ పడ్డాడు. జనం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఇన్నేళ్ళ ఆశ తన చేత్తోనే, అదీ సబ్బు పూసి, తుడిచేసుకున్నానని ఎన్సియోకి అర్థమైంది. కింది వాటా పియానో కళ్ళ ముందు మెదిలింది.

"మాస్టారూ, ఎవరైనా కింద దూరి చక్రానికి అడ్డం పెడితే తప్ప ఇది ఆగదు!"

ఎన్సియో ఒక బర్చ్ చెట్టు దుంగ చంకన పెట్టుకుని గ్యాలరీ కిందికి పాకాడు. దుంగ జారిపోయింది. చివరికి వీపే అడ్డం పెట్టి, కాళ్ళు తన్నిపెట్టి, కళ్ళద్దాల నిండా, చెవుల నిండా నురగతో బిగుసుకుని పడుకున్నాడు. గ్యాలరీ మూలిగి ఆగింది. ఎక్కడ ఆగిందో ఆయనకు తెలియదు.

ఆగింది మళ్ళీ వెనక జాగా ముందే. ఆ తరవాత జరిగింది ఆయనకు సిర్క ఇంటికెళ్ళాక చెప్పింది. జమీందారు భార్య వేషం కట్టిన ఔనె అయిదో అంకానికి సరస్సు ఒడ్డున నిలబడి, జనమంతా తనకు వీపు పెట్టి ఉండటం చూసింది. ఆవిడ పరుగెత్తలేదు. నల్ల గౌను మీద ప్లాస్టిక్ కోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు, అలాగే నడుచుకుంటూ వచ్చి చచ్చిన మొగుడి పక్కన ఇంకో పెట్టె మీద కూర్చుంది. తొయివో సగం కొరికిన సాసేజీ నమలడానికి భయపడి అలాగే ఉండిపోయాడు. ఔనె అతని చేతిలోంచి కాఫీ కప్పు తీసుకుని, కవి రాసిందే, ఒక్క ముక్క కలపకుండా చెప్పింది.

"ఈ పూట కూడా నీకు వడ్డించాను. మనిషి పోతాడు, అలవాటు పోదు. చల్లారిపోతోంది, తినవేం?"

రిహార్సల్లో ఎన్సియో ఆ మాటల్ని గంభీరంగా సరస్సును చూస్తూ చెప్పించేవాడు. మొగుణ్ణి చూసి చెప్పేసరికి గ్యాలరీలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చివరి మాట అయ్యింది. ఎవరూ దగ్గలేదు. ప్లాస్టిక్ కోటు ఒక్కటి గరగరమనలేదు. సిర్క ఏడుస్తోంది, పక్కన యోర్మ భుజాలు కదిలిపోతున్నాయి.

కింద ఎన్సియోకి నవ్వులు ఆగిపోయాయని మాత్రం తెలిసింది. చాలాసేపు చూశాడు. చీమ చిటుక్కుమనలేదు. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారన్నమాట. మెల్లగా బయటికి పాకి, సరిగ్గా మొదటి వరుస ముందు లేచి నిలబడ్డాడు. కళ్ళద్దాల మీద నురగ, ఏమీ కనపడటం లేదు.

"వెయిక్కో," అన్నాడు, "మోటారు కట్టెయ్ నాయనా. యోర్మ చెప్పిందే నిజం. ఇది ఆడే నాటకం కాదు. ఇంట్లో కూర్చుని చదువుకోవలసిందే."

ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఎవరో ముక్కు చీదారు.

"ఒరేయ్ ఎన్సియో," అన్నాడు యోర్మ పూడుకుపోయిన గొంతుతో, "కాస్త పక్కకి జరగరా. అడ్డంగా ఉన్నావు."

ఆ వేసవి చివరిదాకా టికెట్లు దొరకలేదు. జమీందారు రోజూ బీరు పెట్టె మీదే కూర్చున్నాడు. పట్టా మాత్రం వెయిక్కో శుభ్రంగా కడిగేశాడు, అది హాయిగా కీచుమంటూనే ఉంది, ఎవరికీ పట్టలేదు. యోర్మ హెల్సింకీ పత్రికలో పెద్ద సమీక్ష రాశాడు. తన ముందుమాట తప్పని ఒప్పుకున్నాడు, ఔనెని ఆకాశానికెత్తాడు, చచ్చినవాళ్ళను బతికినవాళ్ళ పక్కన కూర్చోబెట్టిన దర్శకుణ్ణి మెచ్చుకున్నాడు. చూపిన లోపం ఒక్కటే: చివర్లో గ్యాలరీ కిందనుంచి నురగతో పాకి వచ్చి ఉపన్యాసమిచ్చే ముసలాయన పాత్ర మూలంలో లేదు.