కిటికీల వాళ్ళొచ్చారు, అత్తయ్య మాయం!

“బావమరిదీ! ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికిపోయినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు!”

ఈ మాట అన్నప్పుడు మా బావ ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షు ఉన్నాయి. నిజానికి ఆయనకి ఇంతవరకూ ఒక్క నేరస్థుడూ దొరకలేదు. పోయిన నెల కళ్ళజోడు దొంగ కోసం వీధంతా గాలించాడు, ఆ కళ్ళజోడు పెట్టుకునే. అక్కా బావల ఇంట్లోనే ఉంటున్న పాపానికి అసిస్టెంటు ఉద్యోగం నా నెత్తిన పడింది.

ఆ రోజు పాత కిటికీలు తీసేసి కొత్తవి బిగించడానికి మనుషులు వచ్చారు. పాతవి సరిగ్గా మూసుకోవు. వానొస్తే జల్లు తిన్నగా మంచం మీదికే. మేస్త్రీ టేపు తీసి కొలతలు సరిచూసుకుంటుంటే బావ నా చెవిలో గుసగుసలాడాడు.

“చూశావా? ఇల్లు కొలుస్తున్నాడు.”

“కిటికీ కొలుస్తున్నాడు బావా.”

“దొంగలు దూరేది ఎందులోంచి మరి? ఈ కిటికీల్లో ఏదో కిటుకుంది. నీకు అర్థం కాదు.”

“అద్దం తప్ప నాకేం కనబడ్డం లేదు.”

మధ్యాహ్నానికి హాల్లో బాల్కనీ వైపు కిటికీ అయిపోయింది. గీతలు పడకుండా అద్దాలకి తెల్లటి పొర అతికించి ఉంది. అవతలేముందో కనబడదు. పడగ్గదిలో డ్రిల్లింగు మిషను ఇల్లదిరేలా మోగుతోంది. అప్పుడు అక్క పరుగెత్తుకొచ్చింది.

“ఏవండీ, అమ్మ కనబడ్డం లేదు!”

ఊరి నుంచి వచ్చి నాలుగు రోజులు మా దగ్గర ఉందామనుకున్న మా అమ్మ, అంటే బావకి అత్తగారు, నిజంగానే ఇంట్లో ఎక్కడా లేదు. వంటింట్లో లేదు, మేడ మీద లేదు, పక్కింట్లో లేదు. ఫోను మంచం మీదే ఉంది.

“బాల్కనీ చూద్దాం,” అన్నాను.

బావ జాలిగా నవ్వాడు. “బాల్కనీ తలుపుకి లోపలి వైపు గడియ వేసుంది. బయటికెళ్ళిన మనిషి లోపలి గడియ ఎలా వేసుకుంటుంది? తర్కం, బావమరిదీ, తర్కం!”

ఆ తర్కానికి నేను కూడా తలూపాను. ఆ సిగ్గు నాకింకా ఉంది.

బావ నేల మీద బోర్లా పడుకుని భూతద్దం తిప్పాడు. కిటికీ పక్కన పసుప్పచ్చటి నురుగు కనబడింది.

“విషప్రయోగం!”

“సందులు పూడ్చే ఫోము బావా అది.”

సరిగ్గా అప్పుడే మిషను ఆగింది. పడగ్గదిలోంచి మేస్త్రీ ఫోనులో ఎవరికో చెబుతున్నాడు.

“పాతది మహా మొండిది సార్. గోడ పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. కీళ్ళన్నీ అరిగిపోయాయి. కదిపితే చాలు కిర్రుకిర్రుమని ఒకటే గోల. ముక్కలు చేసి గోనెసంచుల్లో కట్టేశాం. సాయంత్రం వ్యానులో పంపించేస్తాం.”

బావ మొహం పాలిపోయింది. “అత్తయ్యకి కీళ్ళనొప్పులు కదూ?”

అక్క బావురుమంది. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మేశాను.

బావ మేస్త్రీని హాల్లోకి లాక్కొచ్చి కుర్చీలో కూలేశాడు. “నిజం చెప్పు! పాతది ఏది?”

“కింద సంచుల్లో ఉంది సార్.”

“ఎంత ధైర్యం! ఈ ఘోరం ఎవరు చేయించారు?”

“మీరేగా సార్!” మేస్త్రీ బిత్తరపోయాడు. “పాతదాంతో విసిగిపోయాం, పీకేసి కొత్తది పెట్టండని మీరే ఫోన్ చేశారు.”

అక్క ఏడుపు టక్కున ఆపింది. “ఏవండీ! ఏమిటీ మాట?”

“అబద్ధం! కొత్త అత్తగారు నాకెందుకే? ఒకరితోనే...” అని బావ నాలిక్కరుచుకున్నాడు.

ఇంతలో ఎక్కణ్ణించో దబ్... దబ్... దబ్ అని మెల్లగా చప్పుడు.

బావ కళ్ళు మెరిశాయి. “విన్నారా? నేరస్థుడి గుండె చప్పుడు!”

మేస్త్రీ గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. “నాది కాదు సార్.”

“తప్పించుకోలేవు!” బావ చేతులు కట్టుకుని, ఒక కాలు మెలేసి, ఠీవిగా కొత్త కిటికీకి చేరగిలబడబోయాడు.

“సార్, ఆనుకోకండి! దానికింకా గడియ బిగించలే...”

కిటికీ రెక్క బార్లా తెరుచుకుంది. బావ వెల్లకిలా బాల్కనీలో పడ్డాడు. పడ్డది సరిగ్గా మా అమ్మ పాదాల దగ్గర. ఆవిడ చెప్పు చేత్తో ఎత్తి నిలబడి ఉంది.

“దొరికారు!” అని పడుకునే అరిచాడు బావ. “కేసు తేలిపోయింది!”

అక్క కిటికీ దాటి వెళ్ళి అమ్మని కావలించుకుంది. దుమ్ము పడక అమ్మ కుర్చీ వేసుకుని బాల్కనీలో కూచుందట. ఓ కునుకు తీసి లేచేసరికి తలుపు రాలేదట. ఎదురుగా పక్కింటి గోడ తప్ప పిలవడానికి మనిషి లేడు. అరిచి అరిచి విసిగిపోయి, చెప్పుతో అద్దం మీద కొట్టిందట.

“తలుపు గడియ వేసిందెవరు?” అంది అక్క.

బావ దగ్గాడు. “దొంగలు రాకుండా... ఇందాక... నేనే.”

అక్క చూసిన చూపుకి ఆయన లేచి, కిటికీలోంచే హాల్లోకి జారుకున్నాడు.

“అల్లుడు గారూ,” అమ్మ నెమ్మదిగా పిలిచింది. “ఇందాకట్నించీ నేను అన్నవన్నీ మీకు వినపడ్డాయా?”

“ఒక్క ముక్క కూడా వినపళ్ళేదు అత్తయ్యా.”

“అవునమ్మా,” అన్నాడు మేస్త్రీ గర్వంగా. “రెండు పొరల అద్దం. సరిగ్గా బిగిస్తే లారీ హారను కూడా లోపలికి రాదు.”

“ఆ తెల్ల పొర కాస్త తీసెయ్యి నాయనా. ఇంత కష్టపడి తిట్టాను, వృథా అయిపోయింది. మొహం మీద అనడానికి నాకు మర్యాద అడ్డొస్తుంది. అల్లుడు గారూ, మీరు ఓసారి ఆ కిటికీ వేసుకోండి.”

బావ బుద్ధిగా కిటికీ వేసుకుని పట్టుకున్నాడు. మేస్త్రీ పొర లాగేశాడు. తళతళలాడే అద్దం అవతల అమ్మ చేతులు తిప్పుతూ, వేలు చూపిస్తూ, మొదట్నించీ అందుకుంది. ఇవతల చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

బావ భూతద్దం కంటికి ఆనించి, అత్తగారి పెదవుల్నే చూస్తూ మురిసిపోయాడు.

“పెదవుల కదలిక చదవడం నాకు వెన్నతో పెట్టిన విద్య, బావమరిదీ. ఎంత పొగుడుతున్నారో చూడు!”