చారలమ్మ పన్నెండు మాటలు

ఒక పెద్ద అడవిలో, మనకున్న తెలివితేటలన్నీ ఉండి ప్యాంటూ చొక్కా మాత్రమే లేని జంతువులు కాపురం చేస్తుండేవి.

వాటిలో చారలమ్మ అనే ఉడుత ముగ్గురు పిల్లల తల్లి. వేసవంతా చెట్లెక్కి దిగి సారపలుకులు కూడబెట్టేది, మట్టిలో గుంటలు తీసి దాచేది, ఎక్కడ దాచిందో మరిచిపోయేది. కిందటేడు వానల్లో ఆ మరుపు వల్లే పిల్లలు మూడు రోజులు పస్తులున్నారు. అది తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ప్రాణం చివుక్కుమంటుంది. ఈ ఏడు అలా జరగనివ్వకూడదని ఒట్టు పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నవనీతరావు అనే నక్క పట్నం పొలిమేరల్లో కొన్నాళ్ళు తిరిగొచ్చి, కొండవాలులో ‘మెరుపు వాలెట్’ అని బోర్డు కట్టాడు. కొండకి వంద తొర్రలు, తొర్రకో తలుపు, తలుపుకో గోరింక కాపలా. ఇరవై పలుకులు నక్కకిస్తే ఒక తొర్ర మీదవుతుంది. గోరింక ఒక టేకాకు మీద ముక్కుతో పన్నెండు మాటలు గీసి మీ చేతికిస్తుంది. ఆ పన్నెండూ వరసగా ఎవరు చెప్తే వాళ్ళకి తలుపు తీస్తుంది. చెప్పిన వాళ్ళ ముఖం చూడదు.

తీసిన ప్రతిసారీ గోరింకకి ఫీజు. జనం లేకపోతే ఒక పలుకు, రద్దీగా ఉంటే ఐదో పదో. లోపల్నించి ఒక్క పలుకు తెచ్చుకున్నా వెయ్యి తెచ్చుకున్నా అదే ఫీజు. తప్పుడు మాట చెప్పి తలుపు తెరుచుకోకపోయినా ఫీజు ఫీజే.

బోర్డు కింద ఎర్రటి అక్షరాలతో ఇంకో సంగతి రాసుంది. మీ పన్నెండు మాటలూ ఎవరికీ చెప్పకండి, కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పకండి, మాకసలే చెప్పకండి అని. ఇంత నిజాయితీగా రాసినవాడు మోసమెందుకు చేస్తాడని అడవంతా నక్క మీద భరోసా పెట్టుకుంది.

చారలమ్మ నాలుగు వందల పలుకులు తొర్రలో పెట్టింది. పెట్టాక నిద్ర పట్టలేదు. మర్నాడు ఉన్నాయో లేదో చూసుకోవడానికి మూడుసార్లు తలుపు తీయించి, మూడుసార్లూ రద్దీ ఫీజు కట్టింది. దారి పక్కన ఎండ కాగుతున్న తాబేలు డిప్పయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

“ఉన్నాయా లేవా అని చూసుకోడానికే ఉన్నవన్నీ తగలేసేట్టున్నావే, అమ్మాయ్,” అన్నాడాయన. “తొలకరి దాకా ఇటు రాకు. వచ్చినా తెల్లారగట్టే రా, కావలసినదంతా ఒక్కసారే పట్టుకుపో.”

చారలమ్మకి ఆ మాట తలకెక్కింది. కుందేళ్ళకి మాత్రం ఎక్కలేదు. అవి పూటకో పలుకు తీసుకుని దానికి ఐదు పలుకులు కట్టేవి, ఎంత ఆధునికంగా బతుకుతున్నామో అని మురిసిపోయేవి.

ఇక ఆ టేకాకుని దాచాలి. ఒకేచోట దాస్తే ఎవరికైనా దొరికిపోతుందని చారలమ్మ దాన్ని పన్నెండు ముక్కలు చేసి, పన్నెండు చోట్ల దాచింది. ఎంత తెలివైన పని చేశానో అని తనని తానే మెచ్చుకుంది. వారం తిరిగేసరికి ఒక్క చోటూ గుర్తు లేదు.

ఆకాశంలో తొలి మబ్బు కనపడగానే నవనీతరావు చాటింపు వేయించాడు. వానల ముందు తనిఖీ, సాయంత్రంలోగా మాటలు నమోదు చేసుకోనివాళ్ళ తలుపు శాశ్వతంగా మూత అని. ఎర్ర అక్షరాల బోర్డు కిందే అడవంతా వరస కట్టి, ఒక్కొక్కరే నక్క చెవిలో పన్నెండేసి మాటలు ఊదారు.

చారలమ్మ కూడా వరసలో నిలబడింది. చెప్పేయాలని ఆవిడకి ఎంతో ఉంది, కానీ ఒక్క మాటా గుర్తు రాలేదు. కళ్ళనీళ్ళ పర్యంతమై, ఆకుని పన్నెండు ముక్కలు చేసి ఎక్కడెక్కడో పూడ్చి మరిచిపోయానని చెప్పుకుని, తన తొర్ర మూసేయొద్దని బతిమాలుకుంది.

ఆ సాయంత్రమే నక్క తొంభై తొమ్మిది తొర్రలు తెరిపించాడు. ఒకేసారి అన్ని తలుపులంటే రద్దీ కాదా అని గోరింకలు తలా పది పలుకులు పుచ్చుకున్నాయి. లోపల చూస్తే తొర్రకి రెండో మూడో పలుకులున్నాయి. మిగతావి ఎప్పుడో ఫీజుల కింద పోయాయి. నెల రోజులుగా తెరవని తొర్ర ఒక్కటే ఉంది, చారలమ్మది.

దాంతో నవనీతరావు ఆకు ముక్కల కోసం అడవంతా తవ్వడం మొదలుపెట్టాడు. ఒక్కో గుంటలోంచి చారలమ్మ ఏళ్ళ తరబడి దాచి మరిచిపోయిన సారపలుకులు బయటపడ్డాయి. చిల్లర పలుకుల కోసం నక్క వంగలేదు. వెనకాలే ఉడుత పిల్లలు ఏరుకుంటూ వెళ్ళారు, వాళ్ళ వెనక దివాలా తీసిన కుందేళ్ళు ఏరుకున్నాయి.

నాలుగు రోజులకి పదకొండు ముక్కలు దొరికాయి. పన్నెండోది ఊహించి చెప్పొచ్చులే అనుకుని నక్క గోరింక ముందు నిలబడ్డాడు. ఎండ అన్నాడు, వాగు అన్నాడు, తేనె అన్నాడు. తప్పు, ఫీజు. తప్పు, ఫీజు. పొద్దు వాలేసరికి తొర్రకి ఇరవై చొప్పున గుంజిన పలుకులన్నీ గోరింకల పొట్టలో ఉన్నాయి.

మర్నాడు తెల్లారకముందే నక్క చారలమ్మ ఉండే చెట్టు కిందికొచ్చి, పదకొండు ముక్కలూ అంచుకి అంచు కలిపి పరిచాడు. “ఒక్క మాట చెప్పండి చారలమ్మ గారూ, చెరి సగం తీసుకుందాం. మీకు సాయం చేద్దామనే కదా ఇంత కష్టపడ్డాను.”

చారలమ్మ వంగి పదకొండు మాటలూ వరసగా చదువుకుంది. కింది మూల ఒక్కటే లేదు. ఆ మూల ఎక్కడుందో ఆవిడకి చప్పున వెలిగింది. గూట్లో చిన్నదాని పక్క కింద పరిచింది అదే. పాపం ఇంత కష్టపడ్డాడే అనిపించి మాట పెదవి దాకా వచ్చింది. అప్పుడే గూట్లో చిన్నది ఆకలని సణిగింది. ఆ మూడు రోజుల పస్తులూ కళ్ళ ముందు తిరిగాయి.

“మీక్కూడా చెప్పొద్దని మీ బోర్డు మీదే ఉంది కదండీ, నవనీతరావు గారూ,” అంది చారలమ్మ.

గూట్లోకెళ్ళి పక్క ఎత్తి చూసుకుని, పిల్లల్ని వెంటేసుకుని కొమ్మల మీదుగా కొండకి పరుగెత్తింది. గోరింక చెవిలో పన్నెండు మాటలూ గుసగుసగా చెప్పింది. ఆఖరి మాట ఏమిటో నాకూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మిగతా తొర్రలన్నీ ఖాళీ కాబట్టి రద్దీ లేదు. ఫీజు ఒక్క పలుకు. నక్క రొప్పుకుంటూ వచ్చేసరికి ముగ్గురు పిల్లలూ చివరి మోపు ఎత్తుకుంటున్నారు. ఆ మధ్యాహ్నమే వాన పడింది. ఉడుత పిల్లలు సారపలుకుల మీదే పడుకుని, తిని, మళ్ళీ పడుకున్నారు.

తర్వాత జంతువులన్నీ సభ చేసి, జరిగినదానికి ఎంతో విచారించి, బోర్డు మీద అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించాయి. నవనీతరావు ఇప్పుడు గోరింకల దగ్గర తలుపులు తుడుస్తున్నాడు. జీతం రోజుకో పలుకు. అది తీసుకోవడానికి ఫీజు ఒక పలుకు.

ఇందులో నీతి: రహస్యం దాచుకోవడం చేతకానివాళ్ళు, కనీసం దాన్ని మరిచిపోవడమైనా నేర్చుకోవాలి.