రెండున్నర కిలోల మనవరాలు

ఇకమీదట ప్రసూతి ఆసుపత్రి ఆవరణలో గర్భిణులు ప్రపంచ స్థాయి గాలి పీలుస్తారని మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. గాలిలో పొగ ఎంతుందో కొలిచే మెషీన్‌కి కాపలా ఉండటం నా ఉద్యోగం. అంకె వంద దాటితే ప్రమాదమని లెక్క. మంత్రిగారి తలమీద, గేటు బోర్డులో మూడు వందల పన్నెండు వెలుగుతోంది. ఎదురుగా లారీల అడ్డా. ఆయన గాలిని పల్లెత్తు మాట అనలేదు. మెషీన్ వైపు జాలిగా చూశారు.

"రోడ్డుపక్కన పడేస్తే దానికి మాత్రం చిరాకు పుట్టదా?" అని పక్కనున్న ఆసుపత్రి ఆఫీసరుగారిని అడిగారు.

ఆ కనికరం చూసి నాకు కళ్లు చెమర్చాయి. కొంత పొగవల్ల కూడా అయ్యుండొచ్చు. వారం తిరక్కుండా మెషీన్‌కి వరండాలో అద్దాల గది కట్టించారు. గాలిని వడకట్టే పెట్టెలు రెండు, ఏసీ ఒకటి, తలుపు అంచులకి రబ్బరు పట్టీలు. బోర్డు మీద ఇరవై ఎనిమిది పడింది. పేపర్లు ఫొటోలు వేశాయి. లారీలు మాత్రం ఎప్పటిలాగే పొగ వదులుతున్నాయి.

మా అమ్మాయికి అప్పుడు ఏడో నెల. బిడ్డ ఎదగడం లేదంది డాక్టరమ్మ. తల్లి పీల్చిన పొగ తల్లితో ఆగదట, బిడ్డదాకా పోతుందట. మంచి గాలి ఉన్నచోట ఉంచమంది. ఊరు మొత్తమ్మీద అలాంటి చోటు ఒక్కటే ఉంది, దాని తాళంచెవి నా జేబులో ఉంది.

మెషీన్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చాన్నాళ్లకి దగ్గు లేకుండా కునుకు పట్టింది నాన్నా, అంది పిచ్చిపిల్ల. వరండాలో వరసలో నిలబడ్డ గర్భిణులకి అద్దంలోంచి అన్నీ కనబడతాయిగా. ఒకామె వచ్చి అడిగింది, తర్వాత ఇంకొకామె. కాదనడానికి నాకు నోరు రాలేదు. పదిమందయ్యారు. తలుపు తీయడం, మూయడం, తీయడం. బోర్డు నూట నలభైకి ఎక్కింది.

ఆఫీసరుగారు ఉన్నపళంగా ఊడిపడ్డారు. గంటలో విచారణ ముగించారు, అంత చురుకైన మనిషి. ఆవరణలో కాలుష్యానికి కారణం గర్భిణులే అని నివేదిక రాసి, అందరినీ బయటికి పంపించి, తాళంచెవి తీసుకున్నారు. మా అమ్మాయి గేటు బోర్డు కింద బెంచీ మీద కూర్చుని దగ్గింది. పైన మళ్లీ ఇరవై ఎనిమిది. నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుందని నోరు మూసుకున్నాను, అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ నెలలోనే డాక్టరమ్మ పైకి ఉత్తరం రాసింది, ఇక్కడ పుట్టే పిల్లలు బరువు తక్కువగా ఉంటున్నారని. మంత్రిగారు వెంటనే స్పందించారు. పిల్లల్ని తూచే త్రాసు ఎక్కడుందని అడిగారు. మర్నాటి నుంచి దాని ముల్లు సున్నాకి బదులు కిలో దగ్గర్నుంచి బయల్దేరింది.

అమ్మాయి ఎనిమిదో నెలలోనే కన్నది. ఆడపిల్ల. నా అరచేతిలో ఇమిడిపోయింది. వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెలో వెంటనే పెట్టాలంది డాక్టరమ్మ. పెట్టె రెండు కిలోల లోపు పిల్లలకేనని ఆఫీసరుగారు రూలు చూపించారు. త్రాసు రెండున్నర చూపించింది. పాప అసలు బరువు కిలోన్నరేనని ఆవిడ చిట్టీ రాసిచ్చింది. ఆయన త్రాసు వైపే చెయ్యి చూపించారు.

ఇంతలో, స్వచ్ఛమైన గాలిలో పుట్టిన ఆరోగ్యవంతమైన పాపతో ఫొటో దిగడానికి మంత్రిగారు వచ్చారు. పాపను ఎత్తుకున్నారు. మొహం అదోలా పెట్టారు.

"ఏంటయ్యా, ఇంత తేలిగ్గా ఉంది?"

"తమరి చేతి బలం సార్," అన్నారు ఆఫీసరుగారు.

మంత్రిగారు సంతోషించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో అయ్యాక పాపను నాకిచ్చేశారు. నేను చొక్కా గుండీలు విప్పి, గుండెకి ఆనించి పెట్టుకున్నాను. పెట్టె పక్కనే ఖాళీగా ఉంది.