అడుగున్నర విశేషణం

ఎమ్మెల్యే నరసన్న గారు జూన్ మొదటి సోమవారం ప్రెస్ మీట్ పెట్టి చారిత్రక ప్రకటన చేశారు. ఆ రోజు నుంచి తన పేరు ముందు ‘సెస్క్విపెడేలియన్’ అనే ఇంగ్లీషు విశేషణం చేరుతుందని, నియోజకవర్గ ప్రజలు నోరు తిప్పుకుని సహకరించాలని కోరారు. కారణం న్యాయమైనదే. ‘పేదల పెన్నిధి’ బిరుదు మూడు మండలాల్లో ఇప్పటికే ఐదుగురికి ఉంది. ‘అభివృద్ధి ప్రదాత’ను టమాటా మండీల బోర్డుల మీద కూడా రాసుకుంటున్నారు.

పదాన్ని వెదికి తెచ్చింది రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ దావీదురాజు గారు. ఆయనకు అబద్ధమాడే అలవాటు లేదు. మైకు ముందే దాని చరిత్ర విప్పారు.

“రెండు వేల ఏండ్ల కింద రోమ్ దేశంలో ఒక కవి అన్న మాటప్పా ఇది. అడుగున్నర పొడుగు మాటలు వాడేటోళ్లను ఎగతాళి చేసినాడు. నాలుగు వందల ఏండ్ల కింద ఇంగ్లీషోళ్లు దాన్ని ఎత్తుకున్నారు. ఊరికే పెద్ద పెద్ద మాటలు దంచేటోణ్ణి ఇట్ల అంటారు. వాడేది కూడా శానా తక్కువ.”

నరసన్న గారు మైకును తన వైపు లాక్కున్నారు.

“ఎగతాళి చేసినోడు ఇప్పుడు యాడుండాడు?”

“లేడు సార్.”

“పదం?”

“ఉండాది.”

“ఇంకేమప్పా మరి!”

చప్పట్లు మోగాయి. చివరి బెంచీ మీద కూర్చున్న శివజ్యోతి కూడా కొట్టింది. ఒళ్లో మూడేళ్ల కూతురు తనూజ, చేతిలో అర్జీ. ఏప్రిల్ గాలికి ఊళ్లో అంగన్‌వాడీ రేకులు ఎగిరిపోయాయి. అక్కడి ఆయా కృపమణి పిల్లల్ని గోడ నీడలో కూర్చోబెట్టి, నీడ జరిగినప్పుడల్లా చాపలు జరుపుతోంది. తనూజకు ఇప్పటికే రెండుసార్లు జ్వరం వచ్చింది. రేపో మాపో వానలు. తొమ్మిదో తరగతితో చదువాగిన శివజ్యోతి, మబ్బు కనపడితే చాలు, బిడ్డను తెచ్చుకోవడానికి అంగన్‌వాడీకి పరుగెత్తుతోంది.

పీఏ హర్షవర్ధన్ అర్జీ చూసి తిరిగిచ్చాడు. “విశేషణం యాడమ్మా? అది లేని అర్జీలు ఈ రోజు నుంచి తీసుకోము.”

మళ్లీ రాసింది. అర్జీలో సారు పేరు నాలుగు చోట్ల వస్తుంది. విశేషణమే సగం కాగితం తినేసింది. అసలు విషయానికి ఒక్క పంక్తి మిగిలింది. ‘కప్పు లేదు’ అని రాసింది.

“దస్తూరీ బాగుండాది,” అన్నాడు పీఏ. “బడ్జెట్ లేదు.”

అంతలో హాల్లో కలకలం రేగింది. శుక్రవారం మంత్రిగారు హెలికాప్టర్‌లో ఈ దారినే పోతారట. కిందికి చూసినప్పుడు ఆయన కంట ఆ పదం పడాలి. పడితే మంత్రివర్గంలో చోటు ఖాయమని నరసన్న గారి నమ్మకం. కానీ ఫ్లెక్సీ వేయించి రోడ్డుకు అడ్డంగా కడితే పైనుంచి కనపడదు. నేల మీద పరిస్తే గొర్రెల మందలు తొక్కేస్తాయి.

శివజ్యోతి లేచి నిలబడింది.

“సార్, మా అంగన్‌వాడీకి నాలుగు గోడలుండాయి, మింద ఏం లేదు. ఫ్లెక్సీ దానిమింద పరిస్తే ఆకాశానికి అడ్డమే ఉండదు.”

నరసన్న గారు ఆమెను చూశారు, తర్వాత కిటికీలోంచి ఆకాశాన్ని చూశారు. “ఎవరమ్మా నువ్వు? నీకుండే బుర్ర మావోళ్లకు లేదే!”

“మందంది వేయండి సార్. పల్చంది గాలికి లేచిందంటే మీ పేరు బోర్లా పడతాది.”

“రాసుకో,” అన్నారు పీఏతో.

“నడుమ ఇనుప పైపులు పెట్టి ఎత్తు చేయించండి సార్. నీళ్లు నిలిస్తే అక్షరాలు మునిగిపోతాయి.”

“అదీ రాసుకో!”

రెండు నెలలుగా దొరకని మనుషులు రెండు రోజుల్లో దొరికారు. గోడలకు క్లాంపులు బిగించి, ముప్పై అడుగుల ఫ్లెక్సీని డోలు చర్మంలా లాగి కట్టారు. ఒక్కో అక్షరం తలుపురెక్కంత ఉంది.

శుక్రవారం కుండపోత వాన. హెలికాప్టర్ లేవనే లేదు. పదానికి ఏమైందోనని కంగారుగా నరసన్న గారు గొడుగేసుకుని వచ్చారు. లోపల ఇరవై రెండు మంది పిల్లలు పొడిగా కూర్చుని గుడ్లు తింటున్నారు. ఆయన తలెత్తి చూశారు. కింది నుంచి అంతా తెలుపు, ఒక్క అక్షరం లేదు.

“పదం యాడమ్మా?”

“మిందుండాది సార్. వాన చదువుకుంటాండాది.”

ఫొటో తీశారు. ‘నలభై ఎనిమిది గంటల్లో అంగన్‌వాడీకి కప్పు: సెస్క్విపెడేలియన్ నరసన్న ఘనత’ అని పేపర్లో వచ్చింది.

మరుసటి సోమవారం శివజ్యోతి ఎమ్మెల్యే ఆఫీసుకు పోలేదు. తిన్నగా దావీదురాజు గారింటికి పోయింది.

“ఏం తల్లీ, ఇట్లొచ్చినావు?”

“అయ్యవారూ, మన ప్రతిపక్షం ఇన్‌ఛార్జి సుంకప్ప గారికి పేరు ముందర ఏమీ లేదు, పాపం. ఆ సారు రేపు మా ఊరికొస్తాండాడు. బడిలో మూడు గదులు కారతాండాయి. దీనికన్నా పొడుగు పదం ఏమన్నా ఉండాదా?”