వీరభద్రం గారి ట్యాపెట్లు

“యంత్రానికి ఆడా మగా తేడా తెలియదు. తెలిసింది సమాజానికే. ఆ సమాజం మారేవరకు నేను విశ్రమించను!”

ఈ ఘనమైన మాటలు విశ్రాంత ఇంజనీరు వీరభద్రం గారివి. రాసింది మాత్రం నేను. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన దగ్గర గుమస్తాను. రిటైరైనా మా ఇద్దరికీ ఆ అలవాటు పోలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆడపిల్లలకు మెకానిక్ పని నేర్పే కేంద్రం ఒకటుంది. దాని వార్షికోత్సవానికి ఆయన ముఖ్య అతిథి.

చిక్కల్లా ఆయన కారుతోనే. మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన కారు. స్టార్టు చేస్తే కుట్టుమిషనులా టకటకమంటుంది. ముఖ్య అతిథి అట్లా టకటకలాడుతూ దిగితే మర్యాదగా ఉంటుందా?

అందుకే ఆ రోజు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే, హనుమకొండలో సాల్మన్ షెడ్డుకు పోయాం. సాల్మన్ టైరుకు పంచరు వేస్తున్నాడు. పానా పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది అతని భార్య ఎస్తేరు.

“నువ్వెందుకమ్మా, సాల్మన్‌ను రమ్మను,” అన్నారు వీరభద్రం గారు.

“నాది పంచర్ల వరకే సార్. ఇంజన్ పని ఆమెదే,” అన్నాడు సాల్మన్ తలెత్తకుండా.

వీరభద్రం గారు నా చెవి దగ్గరికి వంగారు. “సభల మాట్లాడుడు వేరు రమాకాంత్. ఇది నా సొంత బండి.”

నేను తలూపాను. తలూపడంలో నాది ముప్పై ఏళ్ల సర్వీసు.

ఈలోగా ఎస్తేరు ఇంజను పైమూత విప్పింది. “ఇగో సార్, వాల్వుకూ దాన్ని నొక్కే ఈ ముక్కకూ, అదే ట్యాపెట్‌కూ, నడుమ సన్నటి సందు ఉండాలె. అరిగి అరిగి ఆ సందు పెరిగింది. గందుకే సప్పుడు. రేకు పెట్టి కొలిచి సరిజేస్త. కాని పాత ఇంజన్, జర సప్పుడైతే ఉంటది.”

“అసలే ఉండొద్దు.”

“ఈ స్క్రూలు మొత్తం బిగిస్తే వేడెక్కినంక వాల్వు మూసుకోదు సార్. బండి గుంజది.”

“నాకే చెప్తున్నవా? ముప్పై నాలుగేండ్లు ఇంజనీరును.”

నిజమే. కాలువలకు.

పానా లాక్కుని ఎనిమిది స్క్రూలూ ఆయనే బిగించేశారు. స్టార్టు చేస్తే ఇంజను నోరెత్తలేదు. “చూసినవా?” అన్నారు విజయగర్వంతో.

“చూస్తున్న సార్,” అంది ఎస్తేరు.

మడికొండ దాటేసరికి కారు నీరసపడింది. మమ్మల్ని ముందు లారీలు దాటాయి, తర్వాత ఆటోలు, చివరికి పత్తి బస్తాల ట్రాక్టరు. ఆ డ్రైవరు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. కాసేపటికి కారు పూర్తిగా ఆగింది, ఏ చప్పుడూ లేకుండా.

సాల్మన్‌కు ఫోన్ చేశాను. “ఆమె గటే వస్తాంది సార్. జర ఆగుండ్రి,” అన్నాడు.

అరగంటకు స్కూటీ మీద వచ్చిన ఎస్తేరు పొద్దుటి సంగతి ఎత్తలేదు. బానెట్ లేపింది. “వేడి మీద సరిగ కుదరది సార్. ఇప్పుడు అందాజకు వదులు చేస్త. అక్కడికి పోయి సల్లారినంక మంచిగ కొలిచి పెడ్త.”

స్క్రూలు వదులు చేయగానే కారు మళ్లీ టకటకమంటూ లేచింది. సరిగ్గా అప్పుడే మమ్మల్ని వెతుక్కుంటూ కేంద్రం నడిపే దివ్య వచ్చింది. వీరభద్రం గారు గబుక్కున ఎస్తేరు చేతిలోని పానా అందుకున్నారు.

“ఈమెకు ట్యాపెట్లు పెట్టుడు నేర్పిస్తున్ననమ్మా. దారిల కనబడ్డది, నేర్పకుండ పోబుద్ధి కాలే.”

దివ్య ఎస్తేరు వైపు చూసింది. ఎస్తేరు గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది.

“మంచి పని చేసిండ్రు సార్,” అంది దివ్య. “ఎస్తేరక్క మా దగ్గర ఇంజన్ పని నేర్పే టీచరు. టీచరుకే నేర్పిండ్రంటే, మా పిల్లలకు గూడ మీరే చూపించాలె.”

వీరభద్రం గారి ప్రసంగం గంటన్నర సాగింది. ఇంజను పూర్తిగా చల్లారడానికి అది చాలింది. నలభై మంది అమ్మాయిలు నోటు పుస్తకాలతో కారు చుట్టూ చేరారు. వీరభద్రం గారు కొలిచే రేకు చేతికి తీసుకుని, ఇంజనులోకి చాలాసేపు చూశారు. ఇంజను కూడా ఆయనను చూసినట్టే ఉంది.

చివరికి గొంతు సవరించుకున్నారు. “గురువన్నవాడు శిష్యులకు అవకాశం ఇవ్వాలి,” అంటూ రేకూ పానా ఎస్తేరుకు అప్పగించారు.

ఎస్తేరు రేకును సందులో పెట్టి మెల్లగా లాగింది. “వెన్నముద్దల నుంచి కత్తి గుంజినట్టు రావాలె. అరిగిన కాడ గుంట పడ్తది, రేకుకు ఆ గుంట తెల్వది. మీ చేతికే తెల్వాలె.” ఒక్కొక్కరితోనూ లాగించి చూపించింది. వాళ్లు నవ్వుకుంటూ, పోటీలు పడుతూ నేర్చుకున్నారు.

“దారిల బండి ఎందుకాగింది అక్కా? అప్పుడు సందు ఎంతుండె?” అని అడిగింది ఒకమ్మాయి.

ఎస్తేరు వీరభద్రం గారి వైపు ఎంతో మర్యాదగా చూసింది. “పొద్దున సారే పెట్టిండ్రు. సున్న.”

నలభై తలలు వంగాయి. నా ముందున్న పుస్తకంలోకి తొంగిచూశాను. గుండ్రటి అక్షరాలతో, కింద గీత గీసి మరీ రాసుకుందా పిల్ల:

“సార్ = సున్న.”