ముప్పై డిగ్రీల అప్పారావు

మధ్యాహ్నం కరెంటు పోయేలోగా జ్వరం మాత్రల సరుకంతా ముగించాలని సన్యాసమ్మ ఆ ఉదయం అనుకుంది. అది సవ్యంగా జరిగితే మాత్రల యంత్రానికి ఆపరేటరుగా ఆమె పేరు రాస్తానని మేనేజరు డో దేవి, అంటే బర్మా మర్యాదలో దేవిగారు, మాట ఇచ్చింది. యాంగోన్ శివారు లైంగ్‌థార్యార్‌లోని ఆ మందుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా యంత్రం నడుపుతున్నది ఆమే. కాగితం మీద మాత్రం ఇంకా సహాయకురాలే!

గుమ్మంలో కొత్త సూపర్‌వైజరు అప్పారావు అడ్డం నిలబడ్డాడు.

"సెంప మీద అదేటి?"

"తనకా సెక్క గంధం బావూ. కడిగేసినాను. సెవి కాడ కూసింత ఉండిపోనాది."

"గోడ మీద నోటీసు సూడనేదా? మొకాన పొడి కనిపిస్తే యంత్రం గదిలోకి రాకూడదు. ప్యాకింగుకి పో!"

"తుడిసేస్తాను బావూ..."

"రూలంటే రూలే."

యాంగోన్‌లో చెంపకు గంధం రాయని ఆడదాన్ని ఒక్కరిని చూపించమనండి! కడిగేసిన గంధానికి కూడా శిక్షా? అదీ తల్లి వయసు మనిషికి!

సన్యాసమ్మ వెళ్తూ వెళ్తూ చెప్పింది. "వానగా ఉంది. పొడి సెమ్మ పట్టి యంత్రం మీది గరాటులో గూడు కట్టేసి కిందికి జారదు. రబ్బరు సుత్తితో పక్కన ఒక్క దెబ్బ..."

"మొరటు పని! నాను రెండ్రోజులు ట్రైనింగు ఎల్లినాను. పొడి కుప్ప పోసి వాలు కొలిసినాను. ముప్పై డిగ్రీలే! వాలు అంత తక్కువుంటే పొడి నీళ్లలా జారతాది."

ఆయన కొలిచింది ఏసీ గదిలో. ఇక్కడేమో తెల్లవారుజామున కరెంటు పోయి, గదిలో తేమ లాగే యంత్రం మూడు గంటలు ఆగింది. ఆ సంగతి పొడికి తెలుసు, అప్పారావుకు తెలియదు.

పది నిమిషాల్లో మాత్రలు అప్పడాల్లా పలచబడ్డాయి. గరాటు ఖాళీ అయిందనుకుని ఆయన ఇంకో బస్తా పోయించాడు. ఆ బరువుకు అడుగున గూడు మరింత బిగిసి, మాత్రలు రావడమే మానేశాయి.

"బస్తాలో పొడి తక్కువుంది. నువ్వు కాజేసినావేటి?" అని స్టోరు దండాసిని అడిగాడు.

"నానా? పొడి తిని బతుకుతున్నానా సయా?" బర్మా మాటలో అయ్యగారూ అని పిలుస్తూనే దండాసి కోపంతో మరో బస్తా తెచ్చి తనే కుమ్మరించాడు.

ప్యాకింగు గది అద్దం వెనక నుంచి సన్యాసమ్మ ఒక వేలు చూపించింది. ఒక్క దెబ్బ వెయ్యమని.

"ఇంకో బస్తా ఎయ్యమంటంది. తే!" అన్నాడు అప్పారావు.

గరాటు పొర్లిపోయింది. కింద ఒక్క మాత్ర కూడా పడలేదు. అదే సమయంలో వరండాలో డో దేవి చెప్పుల చప్పుడు. అప్పారావు గాభరాగా గరాటు కిందికి దూరి, అడుగు మూత తెరిచి, టార్చి వేసి చూశాడు. ఏమీ కనిపించక గబుక్కున లేచాడు. నడినెత్తి గరాటుకు ఠంగుమని తగిలింది.

ఒక్క దెబ్బ. అంతే, పొడంతా నీళ్లలా జారింది, ఆయన మీదే.

డో దేవి ఆ తెల్లటి మనిషిని చూసింది. తర్వాత గోడ మీది నోటీసు చదివింది.

"ఇది ఎవురు రాసినారు?"

"నానే అమ్మా..."

"అయితే ప్యాకింగు అటేపు. సన్యాసమ్మా, నువ్వు ఇటు రా. గరాటు కడిగించు, యంత్రం కాగితం మీద సంతకం పెట్టు."

అప్పారావు నెత్తిన లేచిన బొప్పి వాలు ఎన్ని డిగ్రీలో మాత్రం ఎవరూ కొలవలేదు.