ముందు కవిత, తర్వాత బియ్యం

సాహిత్యానికి ఆకలి చేసినంత మేలు అకాడమీలు కూడా చేయలేదు! కోపగించుకోకండి. బందరులో నలభై ఏళ్ళుగా కవితలు చదువుతున్నవాణ్ణి, అనుభవం మీద చెబుతున్నాను.

కడుపు నిండినవాడికి కవిత వినిపించి చూశారా? రెండో చరణానికి ఆవులిస్తాడు. మూడో చరణానికి ఫోన్ తీస్తాడు. నాలుగో చరణానికి 'ఇప్పుడే వస్తా' అని లేచి, మళ్ళీ పుష్కరాలకే కనిపిస్తాడు. నా గొంతు కంటే కుక్కర్ కూతే వినసొంపుగా ఉంటుందని మా ఆవిడ అభిప్రాయం.

అందుకే మా రచయితల సంఘం 'అన్నార్తుల కోసం అక్షరం' అనే సభ పెట్టింది. సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది. హంసలదీవి వైపు పడవలు ఒడ్డుకెక్కాయి, చాలా ఇళ్ళలో బియ్యం నిండుకున్నాయి. కవిత చదవాలనుకున్న ప్రతివారూ ఒక బియ్యం మూట తేవాలి, వాటిని ఆ కుటుంబాలకు పంచాలి. ఎంత గొప్ప ఆలోచన! మూట తెస్తే మైకు ఇస్తారని తెలిసి గుడివాడ నుంచి కూడా కవులు దిగారు. బియ్యం కొట్టు నుంచి హాలుకు వచ్చేలోపు కవులైపోయినవాళ్ళూ ఉన్నారు.

మరి శ్రోతలో? ఇక్కడే మా అధ్యక్షులు మల్లికార్జునరావు గారి తెలివి చూడండి. మూటల మీద తీసుకునేవాళ్ళ పేర్లు అంటించి, వేదిక మీద అందంగా పేర్పించారు. పంపిణీ మాత్రం సభ చివర్లో అన్నారు. ముందే ఇచ్చేస్తే ఎవరుంటారండీ?

ఫలితం అద్భుతం! ముందు వరుసల్లో కూర్చున్న ముప్పై మంది చూపులు వేదిక మీంచి కదల్లేదు. వాళ్ళు చూస్తున్నది మూటల్ని అని కొందరు గిట్టనివాళ్ళు అన్నారు. అననివ్వండి.

ఒకాయన ఖాళీ కంచం మీద చదివారు, ఇంకొకాయన ఖాళీ కుండ మీద. మరొకాయన పొద్దున టిఫిన్ ఎక్కువై, పస్తుల మీద రాసిన కవితను ఆయాసపడుతూ చదివారు. చదివినవాళ్ళు చదివినట్టే శాలువా కప్పించుకుని, ఫొటో దిగి, భోజనానికి వెళ్ళిపోయారు. ఒక్క సబీనా గారు మాత్రం నాలుగు పంక్తులే చదివి, కూర్చుని అందరివీ విన్నారు. కవయిత్రి అయి ఉండీ!

నా వంతు మూడున్నరకు వచ్చింది. నాది పద్నాలుగు భాగాల దీర్ఘ కవిత. విషయం ఆకలే. ఎనిమిదో భాగంలో ఉండగా, హంసలదీవి నుంచి వచ్చిన పోలమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారండీ, నాలుగున్నరకి కోడూరు బస్సెల్లిపోద్దండి. అది పోతే మా ఊళ్ళోకి ఆటో కూడా దొరకదు. ఇంటికాడ మనవరాళ్ళు పొద్దున్నుంచి టీనీళ్ళ మీదున్నారండి. నా మూట ఇప్పించండి బాబూ."

"కూర్చోమ్మా, సగం పైనే అయిపోయింది" అన్నారు మల్లికార్జునరావు గారు.

నేను ఆపొచ్చు. రెండడుగులు వేసి మూట అందించొచ్చు. కానీ తొమ్మిదో భాగంలో నా జీవితంలోకెల్లా గొప్ప ఉపమానం ఉంది! గొంతు పెంచాను. పోలమ్మ గడియారం చూసింది, తన పేరున్న మూటను చూసింది, వట్టి చేతులతో బస్సుకు పరుగెత్తింది.

ఆ ఉపమానం నాకే చప్పగా వినిపించింది. సిగ్గేసింది కూడా. అయినా పద్నాలుగు భాగాలూ చదివే దిగాను.

మర్నాడు తొలి బస్సుకు సబీనా గారే ఆ మూట తీసుకెళ్ళి పోలమ్మకు ఇచ్చి వచ్చారు. సాయంత్రం కమిటీ సమావేశంలో అన్నారు కదా, "రాత్రి ఆ పిల్లలు పస్తు పడుకున్నారండి. వచ్చేసారి గుమ్మం దగ్గరే బియ్యం ఇచ్చేద్దాం. వినాలనుకున్నవాళ్ళు ఉంటారు, లేనివాళ్ళు వెళ్తారు."

మా అందరికీ ముచ్చెమటలు పోశాయి. వినాలనుకున్నవాళ్ళు ఉండటమా? ఏ ధైర్యంతో సభ పెట్టాలండీ? ఓటింగు జరిగింది. ఆవిడ ప్రతిపాదనకు ఒకే ఒక్క ఓటు పడింది, అదీ ఆవిడదే.

మీరు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. నేనూ చెయ్యి ఎత్తబోయాను, ఒట్టు! సగం దాకా ఎత్తాను కూడా. సరిగ్గా అప్పుడే మల్లికార్జునరావు గారు నా వైపు వంగి, "వచ్చేసారి మొట్టమొదట చదివేది మీరేనండీ, జనం అంతా ఉండగానే" అన్నారు.

ఎత్తిన చేత్తో తల గోక్కున్నాను.